అణియంలో ఖాళీ గది

నమోదు 1

ఆట యంత్రంలో ఓడ కట్టేవాళ్ళు కడుతున్నంతకాలం నమోదు రాయాలని ఆటశాల నియమం. మొదట ఓడ పేరు, తర్వాత కట్టేవాళ్ళ పేరు, ఆ కింద ఎందుకు కడుతున్నారో. అందరూ "గుంజ కోసం" అని రాసి ఊరుకుంటారు. ఇవి ఎవరూ చదవరు. అందుకే నేను నిజం రాస్తాను.

ఓడ పేరు: కసి.

కట్టేది: పైడి.

ఎందుకు: కూర్మారావుని ముంచడానికి.

ఈరోజు ఆటశాలని నీళ్ళమీద తేల్చే అడుగు పీపాలకు పట్టిన గుల్లలు గీకాను. ఒక పీపా గీకితే ఒక పూట యంత్రం ఇస్తారు. మెడలోతు నీళ్ళలో దిగి, ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేత్తో గీకాలి. వేళ్ళన్నీ చీరుకుపోయాయి. నెత్తిమీద పలకల సందుల్లోంచి యంత్రాల మోత వినిపిస్తూనే ఉంది. ఫిరంగులు, సైరన్లు, ఎవరు ఓడినా ఒకేలా నవ్వుతూ "ఓడ మునిగింది" అని చెప్పే ఆ ఆడగొంతు. దాని నోట్లో మన్ను పడ, పోయిన ఏడు మా ఓడ మునిగినప్పుడూ అది అలాగే నవ్వింది.

ఆటశాల చూసుకునేది తవిటయ్య మావ. మా అమ్మకి సొంత తమ్ముడు. నేను తడిబట్టలతో వచ్చి యంత్రం ముందు కూర్చుంటే తువ్వాలు అందించాడు.

"నడపడం రాదు గదే నీకు. కట్టీసి ఏటి సేస్తావు?"

"నేర్చుకుంతాను."

"ఎన్నాళ్ళకి?"

"తుఫాన్ల కాలం వచ్చేలోపు" అన్నాను.  మావ తువ్వాలు తిరిగి అడగలేదు, అది ఇంకా నా మెడమీదే ఉంది.

నమోదు 2

యంత్రం వేడెక్కిందని ఆపేశారు. ఖాళీగా కూర్చుంటే ఒళ్ళు మండిపోతోంది కనుక, జరిగింది రాస్తాను.

అలల్ని ఆపే రాతిగోడ లోపల తెప్పలు కట్టుకునే గుంజలన్నీ తాతల నాడే పంచేసుకున్నారు. చివరి గుంజ ఒక్కటే ఎవరిదీ కాదు. తుఫాన్ల కాలానికి ముందు దానికోసం ఆట ఆడాలి. గెలిచినవాళ్ళ తెప్ప గోడ లోపల ఉంటుంది. ఒకప్పుడు ఈ గుంజ కోసం నిజం కత్తులతోనే కొట్టుకునేవారట. పెద్దలు మునిగిపోయిన బజారు పై అంతస్తులోంచి ఈ యంత్రాలు తెచ్చి పెట్టాక ఎవరికీ గీత కూడా పడలేదని మావ గొప్పగా చెబుతాడు.

నిజమే. మా ముత్యానికి కూడా గీత పడలేదు. నీళ్ళలో పోయింది, అంతే.

ముత్యం నా చెల్లెలు. పోయిన ఏడు గుంజ మాది. ఓడ నేను కట్టాను, అది నడిపింది. ఒకచోట కూర్చుని గడి పక్కన గడి పేర్చుకునే ఓపిక దానికి లేదు. కానీ చుక్కాని పట్టుకుంటే చాలు, యంత్రం దాని మాట వినేది. "అప్పా, నువ్వు కట్టినవన్నీ ఎడమకి లాగుతాయే" అని వెక్కిరించేది. నిజంగానే లాగేవి.

కూర్మారావు మాకు సవాలు విసిరాడు. వాడి ఓడని అందరూ తాబేలు అంటారు. ఓడకి ఉన్న గళ్ళలో ముప్పావు వంతు కవచానికే పెట్టేస్తాడు. కదలదు, మెదలదు, ఎంత కొట్టినా చావదు. ఆట సగంలోనే మా ఇంజను పొగలు కక్కింది. ఇక లాభం లేదని ముత్యం జెండా మీట లాగింది.

జెండా సంగతి కూడా రాయాలి. మీట లాగితే తెరమీద తెల్లజెండా మెల్లగా స్తంభం ఎక్కుతుంది. కొసకి చేరగానే గంట మోగి ఆట ఆగిపోతుంది. జెండా ఎత్తినవాళ్ళు గుంజ వదులుకోవాలి గానీ, గెలిచినవాళ్ళ తెప్ప పక్కనే తమ తెప్ప కట్టుకుని గోడ లోపల ఉండవచ్చు. మునిగినవాళ్ళయితే బయటికి పోవాల్సిందే. గెలిచినవాళ్ళే తమ చేత్తో వాళ్ళ తాడు విప్పాలి.

మా జెండా సగం ఎక్కింది. అప్పుడు తాబేలు టార్పెడో వచ్చి మా ఓడ నడుం విరిచింది. గంట ఇంకా మోగలేదు కాబట్టి చెల్లుతుందన్నారు పెద్దలు.

"నాను నొక్కీసినాకే జెండా లేసినాది" అన్నాడు కూర్మారావు.

నేను నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. వాడే వచ్చి, తలెత్తకుండా మా తాడు విప్పాడు. మొదటి తుఫానుకే మా లంగరు తాడు తెగింది. తెల్లవారుతుండగా ముత్యం దాన్ని మళ్ళీ కట్టడానికి తెప్ప అంచుకి పాకింది. నేను దాని కాలు పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. చివరికి నా చేతిలో కాలిపట్టీ మిగిలింది.

నమోదు 3

కసి ఒక రూపానికి వచ్చింది. కవచం అసలు పెట్టలేదు. రెండు ఇంజన్లు, పొట్టి ఫిరంగులు, వెనక పెద్ద చుక్కాని. ఒక్క దెబ్బ తగిలితే తునాతునకలు అయిపోతుంది. కానీ తగలాలి కదా.

ఒక్క గడి దగ్గర మాత్రం ఆగాను.

ఓడ ముందు కొసని మేం అణియం అంటాం. అక్కడ ఒక గడి ఖాళీగా వదలడం మా అలవాటు. నీళ్ళలో పోయిన మన మనిషికి అది గది. యంత్రంలో ఏ గడికైనా పేరు పెట్టుకోవచ్చు, పెట్టినవాళ్ళకి తప్ప ఎవరికీ కనిపించదు. ఆ గడికి పోయినవాళ్ళ పేరు పెట్టి, వాళ్ళని కూడా ఆటకి తీసుకెళతాం. ఓడకి గది ఒక్కటే. కొత్తగా ఎవరైనా పోతే పాతవాళ్ళు వాళ్ళకి చోటిస్తారు. మా ఓడలో ఇన్నాళ్ళూ అమ్మ ఉండేది. ఇప్పుడు ముత్యం ఉండాలి.

ఆ గదిని ఎవరూ కొట్టరు. నియమాల్లో లేదు. ఎంత పగవాళ్ళైనా, ఓడిపోతున్నా సరే, కొట్టరు.

కానీ ఆ ఖాళీ గడిలో సరిగ్గా ఒక టార్పెడో గొట్టం పడుతుంది. ముందుకి చూసే గొట్టం. అది లేకపోతే నా పథకం సాగదు. చాలాసేపు తెర వైపు చూస్తూ కూర్చున్నాను. తర్వాత గొట్టం తెచ్చి అందులో దింపేశాను.

వెనక నిలబడి మావ చూశాడు.

"అక్కడ గొట్టమెట్టినావేటి? మరి ముత్తిం ఎక్కడ కూకుంతాది?"

"అదెప్పుడు ఒక్కసోట కూకున్నాది గనక" అన్నాను.

"ఎకసెక్కాలాడకు. అయినోళ్ళు నేకుండా పోయినోళ్ళకయితే, తాడిప్పినోడు గదియ్యాల. అది మన పద్దతి. ముత్తింకి నువ్వున్నావు. నువ్వే తీసీస్తే ఆ పిల్లకి ఎవులిస్తారే?"

"గెలిసినాక ఇస్తాను మావా. ముందు ఆడ్ని ముంచనీ."

మావ యంత్రం మీద దుమ్ము లేకపోయినా గుడ్డతో తుడిచాడు. నేను గొట్టాన్ని అక్కడే ఉంచి, ఓడని భద్రం చేసి లేచాను.

నమోదు 4

ఉప్పునీళ్ళు కాచి పట్టే ఆవిరి నీళ్ళ వంతుకి వెళ్ళాను. వరసలో నా ముందు అసిరమ్మ ఉంది. కూర్మారావు తల్లి. మొగుడు వేటకెళ్ళి తిరిగిరాలేదు, కొడుకు తప్ప ఈ నీళ్ళమీద ఆమెకి ఇంకెవరూ లేరు. చిన్నప్పటినుంచీ అత్తా అని పిలిచేదాన్ని. ఏడాదిగా పిలవడం మానేశాను.

ఆమే వెనక్కి తిరిగింది.

"పైడీ, నీ తెప్పకి ఎడం పక్క పీపా కారతన్నాది. నాను సూసినాను. మాకాడ జిగురు మిగిలినాది, వట్టుకెల్లు."

"నా పీపా కారితే నీకేటి? మీవోడు సేసినదానికి కూడా జిగురెట్టి అతికిస్తావా?"

 అసిరమ్మ బిందె కిందికి దించింది.

"మావోడు నీతో ఒక మాట సెప్పుకోవాలంతన్నాడే. ఎదురుపడితే మొగం తిప్పీసుకుంతావు. ఒక్కపాలి ఇను."

"ఏటి సెప్పినా ఆటశాలలో సెప్పమను. గంట మోగేలోపు."

అనేసి వచ్చేశాను. కోపంలో బిందె ఒలికి సగం నీళ్ళు పోయాయి. ఇంటికొచ్చేసరికి తెప్ప అంచున జిగురు డబ్బా పెట్టి ఉంది. నాకంటే ముందు ఎలా వచ్చి పెట్టిందో ఆ ముసలిది. తీసి సముద్రంలో పారేశాను. పొద్దున్న లేచేసరికి ఎడమ పక్క అంతా నీళ్ళు. మధ్యాహ్నం దాకా తోడుతూ నన్ను నేనే తిట్టుకున్నాను. జిగురు మీద ఎందుకు చూపించాను కోపం? జిగురు ఏం చేసింది?

నమోదు 5

నడపడం వస్తోంది. కసి కూడా ఎడమకే లాగుతోంది. ముత్యం ఉంటే పడీపడీ నవ్వేది.

రోజూ ఒకటే సాధన చేస్తున్నాను. యంత్రాన్నే శత్రువుగా పెట్టి, దాని చేత జెండా ఎత్తిస్తాను. జెండా స్తంభం ఎక్కుతూ ఉండగా గొట్టం మీట నొక్కాలి. గంట మోగేలోపు టార్పెడో తగలాలి. ముందుగా నొక్కితే పగ కాదు, మామూలు ఆట. ఆలస్యమైతే చెల్లదు. నాకు కావలసింది సరిగ్గా ఆ మధ్యలో ఉంది. వాడు మా ముత్యాన్ని ఎక్కడ కొట్టాడో అక్కడే వాణ్ణి కొట్టాలి. బతికిపోయాం అని ఊపిరి పీల్చుకునే చోట.

చిక్కేమిటంటే తాబేలు ఒక్క టార్పెడోకి మునగదు. ఎక్కడ కొట్టినా కవచం. ఒక్క చోట తప్ప. అణియంలో ఖాళీ గది ఉంది కదా, అక్కడ కవచం ఉండదు. లోపల ఏమీ ఉండదు. దాన్ని పగలగొడితే నీళ్ళు నేరుగా ఓడ నడుం దాకా వెళతాయి. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ చేయరని కూడా తెలుసు. వాడికీ తెలుసు, అందుకే అంత ధీమా.

"కూర్మారావు గదిలో ఎవులుంతారు మావా?" అని అడిగాను.

"ఆళ్ళయ్య. ఇంకెవులుంతారు?" అన్నాడు మావ. తర్వాత నా మొహం చూసి, "ఎందుకడిగినావు?" అన్నాడు.

ఊరికే అన్నాను.

గడి పగిలితే దాని పేరు తెరమీద పడుతుంది. జనం అందరి ముందూ, అంత పెద్ద అక్షరాలతో, వాళ్ళయ్య పేరు పడుతుంది. పగిలిన పేరుని ఏడాదిదాకా యంత్రం మళ్ళీ తీసుకోదు. ఏడాదిపాటు వాళ్ళయ్యకి చోటుండదు. పడనీ. మా ముత్యం ఎక్కడుందో నాకు తెలుసా? వాళ్ళయ్య ఎక్కడుంటే నాకేం?

 

నమోదు 6

వాన. యంత్రాలకి కరెంటిచ్చే ఎండ పలకలు పనిచేయలేదు, యంత్రం ఇవ్వలేదు. వల బాగుచేసుకున్నాను. పీపాకి గుడ్డ కుక్కాను. కసి తగ్గలేదు.

నమోదు 7

ఆట అయిపోయింది. వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

జనమంతా వచ్చారు. బల్లల మీద, పీపాల మీద, కిటికీల్లో. రెండు యంత్రాలు ఒకదానికొకటి వీపు పెట్టి ఉంటాయి కాబట్టి నాకు కూర్మారావు మొహం కనిపించదు. వాడి చేతులు మాత్రం పక్కనుంచి కనిపిస్తున్నాయి. అసిరమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. ముత్యం కాలిపట్టీని గొట్టం మీటకి చుట్టాను. మావ చూశాడు.

తెర వెలిగింది. నిజం సముద్రానికి ఎప్పుడూ లేనంత నీలం. సంగీతం మొదలైంది.

వాడు మొదటి గుండు వేసేసరికి నేను వాడి వెనక ఉన్నాను. తాబేలు ఫిరంగులు వెనక్కి తిరగడానికి చాలాసేపు పడుతుంది. అవి ఇటు తిరిగితే నేను అటు వెళ్ళాను. కసి ఎడమకి లాగుతుంది కదా, నేను ఎడమకే తిప్పుతూ పోయాను. ఇన్నాళ్ళూ తప్పనుకున్నది చేతికి అందివచ్చింది. మొదట వాడి చుక్కాని విరగ్గొట్టాను. తర్వాత పొగగొట్టం. ఇంజను గది మీద గుండు పడేసరికి తాబేలు నడినీళ్ళలో నిలబడిపోయింది. జనం కేకలతో ఆటశాల పలకలు ఊగుతున్నాయి. కింద నేను గీకిన పీపాలన్నీ అటూ ఇటూ కదిలి ఉంటాయి.

నాకు చెమటలు కారుతున్నాయి. "ఎత్తు, జెండా ఎత్తు" అని గొణుక్కుంటున్నాను. వాడు ఎత్తలేదు. ఇంకో రెండు గుండ్లు వేశాను. కసిని తిప్పి, దాని ముక్కు వాడి ఓడ ముక్కుకి ఎదురుగా తెచ్చి, ఆగాను.

మావకి అర్థమైంది. "పైడీ" అన్నాడు వెనకనుంచి. గట్టిగా కూడా అనలేదు.

కూర్మారావు ఎడమ చెయ్యి చుక్కాని వదిలి జెండా మీట మీదికి వెళ్ళింది. తెల్లజెండా స్తంభం ఎక్కడం మొదలుపెట్టింది. గోడ దగ్గర అసిరమ్మ ఊపిరి వదిలినట్టు భుజాలు దించడం ఓరకంట చూశాను.

సగం ఎక్కింది. నొక్కాను.

టార్పెడో నీళ్ళలో తెల్లటి గీత గీసుకుంటూ పోయి నేరుగా గదికి తగిలింది. గంట ఆ తర్వాత మోగింది. తాబేలు ముక్కు కిందికి వాలి, తోక పైకి లేచి, బుడగలు కక్కుతూ వెళ్ళిపోయింది. "ఓడ మునిగింది" అని ఆ గొంతు నవ్వింది. ఏడాది తర్వాత మొదటిసారి ఆ నవ్వు నాకు కూడా నవ్వు తెప్పించింది. నిజంగా నవ్వాను. చప్పట్లు కొడతారేమో అనుకున్నాను.

ఎవరూ కొట్టలేదు. అందరూ తెర వైపే చూస్తున్నారు.

గది పగిలింది అని రాసి ఉంది. దాని కింద పేరు ఉంది.

ముత్యం.

నమోదు 8

తాడు విప్పడానికి వెళ్ళాను. పొద్దుగూకేలోపు విప్పకపోతే గెలుపు చెల్లదు. ఆకాశం దక్షిణాన అప్పటికే నల్లబడింది.

కూర్మారావు తెప్ప మీద సామాన్లు కడుతున్నాడు. అసిరమ్మ లోపల ఉంది. నన్ను చూసి వాడు లేచి నిలబడ్డాడు. నాకు ఇంకా తిట్టే ఓపిక ఉంది.

"మా ముత్యం పేరు నీ ఓడలో ఎట్టడానికి నువ్వెవుడివిరా? ఎవుల్నడిగి ఎట్టినావు?"

"నిన్ను అడుగుదామనే తిరిగినాను" అన్నాడు. "నువ్వు ఇనలేదు."

"మీయయ్య ఏడి?"

"అయ్యని దించీసినాను. ఆ పిల్లని బయటికంపింది నాను. నొక్కీసినాకే జెండా సూసినాను పైడీ. ఎన్నిమాట్లు సెప్పినా నువ్వు నమ్మవు, నమ్మకు. కానీ తాడిప్పింది నా సెయ్యే గదా. అయ్యకి గదిచ్చుకోని, ఆ పిల్లని నీళ్ళలో వొగ్గీమంతావా?"

"దానికి నానున్నాను. అది నా సెల్లి."

"ఉన్నావని నానూ అనుకున్నాను" అన్నాడు. "నీ ఓడలోనూ ఉంతాది, నా ఓడలోనూ ఉంతాది, అయితే ఏటి, రెండు సోట్ల ఉంతాదిలే అనుకున్నాను. మరి నీ టార్పెడో ఎక్కడ్నించి వచ్చినాదో అందరం సూసినాం."

నాకు చెంప మీద కొట్టినట్టు అయింది. కొట్టి ఉంటే బాగుండేది, తిరిగి కొట్టేదాన్ని.

వంగి తాడు విప్పడం మొదలుపెట్టాను. ముడి బిగుసుకుపోయి ఉంది. గుల్లలు గీకి చీరుకుపోయిన వేళ్ళతో లాగాను. వాడు సాయం చేయబోతే "ముట్టుకోకు" అన్నాను. అసిరమ్మ తలుపులోంచి చూసింది. నన్ను ఏమైనా అంటుందని ఎదురుచూశాను. తిట్టినా సరే. ఆమె లోపలికి వెళ్ళి పొయ్యి మీద గిన్నె దించుకుంది.

తాడు విప్పేశాను. వాళ్ళ తెప్ప గోడ బయటికి జారింది. మా తెప్ప లాక్కొచ్చి చివరి గుంజకి కట్టుకున్నాను. గెలిచాను. కావలసింది అంతా జరిగింది.

ఆటశాలకి వచ్చి ఇది రాస్తున్నాను. రాసేముందు కసిని తెరిచాను. అణియంలో గొట్టం పీకేసి, గడి ఖాళీ చేసి, ముత్యం అని కొట్టాను.

ఈ పేరు ఏడాదిదాకా చెల్లదు, అంది యంత్రం.

నేనే పగలగొట్టాను కదా. ఎవర్ని తిట్టను?

నమోదు 9

గాలి పొద్దున్నే మొదలైంది. అంతా అయ్యాక, మధ్యాహ్నం రాస్తున్నాను.

గోడ లోపల కూడా తెప్పలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. నేను గుంజకి ఆనుకుని కూర్చున్నాను. ఇక్కణ్ణుంచి గోడ చివర సందులోంచి బయట నీళ్ళు కనిపిస్తాయి. అప్పటికి కూర్మారావు తెప్ప అక్కడే లంగరేసి ఉంది. పైకి లేచేది, కనబడకుండా పోయేది, మళ్ళీ లేచేది. పోయిన ఏడు మేమున్న చోటే.

ఇదే చూడాలని ఏడాదంతా కోరుకున్నాను. కళ్ళారా చూస్తూ కూర్చున్నాను. సంతోషం కోసం వెతుక్కున్నాను. కొంచెం ఉంది, అబద్ధం రాయను. వాడు అంచుకి పాకి లంగరు తాడు సరిచేస్తుంటే "పడు" అని కూడా అనుకున్నాను.

వాడు పడలేదు. కానీ పడితే ఏమవుతుందో అప్పుడు తట్టింది.

వాడు పోతే అసిరమ్మ కూడా పోతుంది. వాళ్ళకి అయినవాళ్ళు ఎవరూ లేరు. అయినవాళ్ళు లేనివాళ్ళకి తాడు విప్పినవాళ్ళు గది ఇవ్వాలి. విప్పింది నేను. నా ఓడకి గది ఒక్కటే. కొత్తగా పోయినవాళ్ళకి పాతవాళ్ళు చోటివ్వాలి.

అంటే ఏడాది ఆగాక కూడా నా ముత్యానికి చోటు లేదు. ఇక మీదట నేను కట్టే ప్రతి ఓడ ముక్కులో కూర్మారావు కూర్చుంటాడు. నేను వాణ్ణి మోసుకు తిరగాలి. వాడి పేరు నా చేత్తో కొట్టాలి.

"సత్తే సావనియ్యను" అని పైకే అన్నాను. అని లేచాను.

మా తెప్ప మీదున్న తాడంతా తీసి, ఒక కొస చివరి గుంజకి బిగించి, ఇంకో కొసకి ఖాళీ పీపా కట్టాను. గోడ మీద పాకుకుంటూ చివరిదాకా వెళ్ళాను. వెనకనుంచి ఎవరో నా నడుం పట్టుకున్నారు. తవిటయ్య మావ. ఆపడానికి కాదు, పడిపోకుండా పట్టుకోవడానికి వచ్చాడు. పీపా విసిరాను. మొదటిసారి అల తిరగ్గొట్టింది. రెండోసారి వాళ్ళ తెప్ప అంచుకి తగిలింది. కూర్మారావు లంగరుతో కుస్తీ పడుతూ చూసుకోలేదు. తలుపు పట్టుకుని నిలబడ్డ అసిరమ్మ చూసింది.

"అత్తా, పీపా అందుకో" అని అరిచాను.

అందుకుంది. వాళ్ళు ఆ తాడు కట్టుకున్నాక గుంజ దగ్గర ఉన్నవాళ్ళంతా వచ్చి లాగారు. నేను పిలవలేదు. నిన్న చప్పట్లు కొట్టనివాళ్ళే వచ్చారు. తెప్ప గోడ రాళ్ళకి ఒరుసుకుంటూ లోపలికి వచ్చింది. ఒక పక్క పీపాలు రెండు పగిలిపోయాయి. దాన్ని నా తెప్ప పక్కన కట్టాం.

కూర్మారావు చలికి వణుకుతున్నాడు. మోచేయి చీరుకుపోయింది.

"ఎందుకే?" అన్నాడు.

"నువ్వు సచ్చిపోతే నా ఓడలో నీకు గదియ్యాల" అన్నాను. "ఉన్నది ఒక్కటే గది. అది ముత్యానిది. నాను బతికున్నంతకాలం నువ్వు సావడానికి నేదు."

వాడు నా వైపు చూశాడు. నవ్వబోయాడో ఏడవబోయాడో తెలియలేదు. నేను మాత్రం మొహం తిప్పుకోలేదు.

అసిరమ్మ లోపలినుంచి జిగురు డబ్బా తెచ్చింది. ఇంకొకటి ఉందట. కూర్చుని నా ఎడమ పీపాకి పూయడం మొదలుపెట్టింది.

నమోదు 10

నీళ్ళు తగ్గాయి. ఎండ వచ్చింది. ఆటశాల పీపాలకి మళ్ళీ గుల్లలు పట్టాయి, మళ్ళీ గీకుతున్నాను. రెండో పీపా కూర్మారావు గీకుతున్నాడు. మేం మాట్లాడుకోం. వాడు జెండా చూడకముందే నొక్కాడని ఇప్పటికీ నమ్మను. నమ్మనని చెప్పాను కూడా. సరే అన్నాడు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాను.

"మీయయ్యని ఎక్కించుకో. మా ముత్యం జోలికి రాకు."

"మరి ఈ ఏడు ఆ పిల్ల ఎక్కడుంతాది?" అని అడిగాడు.

నేను మునిగి ఇంకో పీపా పట్టుకున్నాను. నీళ్ళ కింద కాసేపు ఉండిపోయాను.

కొత్త ఓడ మొదలుపెట్టాను. వచ్చే ఏడు వాణ్ణి మళ్ళీ ముంచుతాను, అందులో మార్పు లేదు. ఈసారి అణియం కొట్టకుండా, జెండా లేవకముందే, మామూలుగా. ఒక్క గడే పేర్చాను ఇంతవరకూ. ముందు కొసన, ఖాళీది. రోజూ యంత్రం దగ్గరికి వచ్చి మొదట దానికి పేరు కొడతాను. చెల్లదంటుంది. మళ్ళీ కొడతాను. మావ వెనకనుంచి చూసి, "ఏడాది దాకా కాదంతాదే, ఎందుకు దాన్ని సతాయిస్తావు?" అంటాడు.

అననీ. ఇవాళ కూడా కొట్టాను.

ముత్యం.